ముందు ఒంట్లోకి, తర్వాత పరీక్షకి: రొమ్ము ఇంప్లాంట్ల నూట పాతికేళ్ళ కథ

సిలికాన్ జెల్ నింపిన రొమ్ము ఇంప్లాంట్లను అందం కోసం పెట్టడాన్ని అమెరికా 1992లో ఆపేసింది. 2006లో మళ్ళీ సరేనంది. 2019లో వాటిలోనే ఒక రకాన్ని మార్కెట్లోంచి వెనక్కి రప్పించింది. ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికైనా అనుమానం వస్తుంది. మొదట అనవసరంగా భయపెట్టారా? లేక మధ్యలో కంపెనీలకు లొంగిపోయారా? ఈ రెంటిలో ఏదో ఒకటి గట్టిగా నమ్మి వాదించేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు.

నా లెక్కలో ఆ మూడు నిర్ణయాలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది, వీటిని అసలు పరీక్షించారా అన్నది. రెండోది, వాడినవాళ్ళు చెబుతున్న జబ్బులు వీటివల్లే వచ్చాయా అన్నది. మూడోది సిలికాన్ గురించి కూడా కాదు, ఇంప్లాంట్ పైపొర నున్నగా ఉందా గరుకుగా ఉందా అన్నదాని గురించి. ఈ మూడింటినీ ఒకే ముద్ద చేసి "సిలికాన్ మంచిదా చెడ్డదా" అని అడగబట్టే ఇంత గందరగోళం.

కథ సిలికాన్ కంటే చాలా ముందే మొదలైంది. 1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ ఒక గాయని రొమ్ములోంచి గడ్డ తీశాడు. అది కేన్సర్ గడ్డ కాదు. కానీ తీసేశాక ఒక పక్క లోటుగా కనిపిస్తుంది. వేదికెక్కి పాడే మనిషి కదా. ఆమె నడుము వెనక పిడికిలంత కొవ్వుగడ్డ ఒకటి ఉంటే, దాన్ని తీసి ఆ ఖాళీలో పెట్టాడు. రొమ్ము పరిమాణం నిలబెట్టడానికో పెంచడానికో చేసిన మొదటి ఆపరేషన్‌గా వైద్య చరిత్రలో దీన్నే చెబుతారు. ఒంట్లోని కొవ్వునే మరోచోటికి మార్చడమనే ఈ ఆలోచన తర్వాత కూడా పోలేదు గానీ, రక్తం అందక ఆ కొవ్వు చాలావరకు ఇంకిపోయేది, లేదా గట్టిపడేది. అక్కడ సున్నం పేరుకుంటే ఎక్స్‌రేలో కేన్సర్‌లా భ్రమ పెడుతుందన్న భయంతో 1987లో అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం రొమ్ములోకి కొవ్వు ఇంజెక్షన్లు వద్దంది. 2009లో ఆ మాట సడలించింది. ఇప్పుడు మన నగరాల్లోనూ "ఫ్యాట్ గ్రాఫ్టింగ్" అని చేస్తున్నది ఈ పద్ధతి కొత్త రూపమే.

చెర్నీ తర్వాత అసలు తంటా బయటి పదార్థాలతో వచ్చింది. 1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ అనే డాక్టరు పారాఫిన్ మైనాన్ని కరిగించి సిరంజితో ఒంట్లోకి ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. వేడిగా ఉన్నప్పుడు ద్రవం, లోపలికెళ్ళి చల్లబడితే ముద్ద. కోత లేదు, కుట్టు లేదు. కావలసిన ఆకారం వేళ్ళతో ఒత్తి తెచ్చుకోవచ్చు. ముక్కులు, ముడతలు, రొమ్ములు, అన్నిటికీ వాడేశారు. కొన్నాళ్ళకు ఆ ముద్దల చుట్టూ గట్టి గడ్డలు కట్టాయి, పుళ్ళు పడ్డాయి, మైనం ఉన్నచోట ఉండకుండా జారింది. రక్తనాళంలోకి పోతే ప్రాణాపాయమే. ఆ గడ్డలకు "పారాఫినోమా" అని వైద్యులు ప్రత్యేకంగా పేరే పెట్టుకోవాల్సి వచ్చింది. రెండు దశాబ్దాల్లో యూరప్, అమెరికా డాక్టర్లు దాన్ని వదిలేశారు.

మధ్యలో ఒక తమాషా. 1920లలో పాశ్చాత్య ఫ్యాషన్ చదునైన ఛాతీ కోరుకుంది. అప్పుడు పెద్దవాటిని తగ్గించే ఆపరేషన్ల మీద సర్జన్లకు ఆసక్తి ఎక్కువ. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి, 1950లకు, గాలి తిరగబడింది. చిన్న రొమ్ములున్న ఆడవాళ్ళు ఆత్మన్యూనతతో బాధపడుతున్నారనీ, ఆపరేషన్ దానికి మందనీ చెప్పడం మొదలైంది. ఆడవాళ్ళ శరీరాలు మాత్రం ఆ ముప్ఫై ఏళ్ళలో ఏమీ మారలేదు. ఈ వాదన చివరికి ఎంతదాకా పోయిందంటే, 1982లో అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం చిన్న రొమ్ములు నిజానికి ఒక జబ్బేనని ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పుకుంది. ఎందుకు చెప్పిందో అర్థం కావాలంటే ఒక చట్టం సంగతి తెలియాలి. దాని దగ్గరికి వస్తాను.

1950లలో వాడుకలోకి వచ్చింది ఐవలాన్ అనే ప్లాస్టిక్ స్పాంజి. కావలసిన ఆకారంలో కోసి, క్రిమిరహితం చేసి లోపల పెట్టేవారు. స్పాంజి కన్నాల్లోకి కణజాలం పెరిగి, ఏడాది తిరిగేలోపు అంతా కుంచించుకుపోయి గట్టిపడేది. ఆ దశాబ్దంలోనే జపాన్‌లో మరో దారి తెరుచుకుంది. యుద్ధం తర్వాత అక్కడ మకాం వేసిన అమెరికన్ సైనికుల చుట్టూ అల్లుకున్న వ్యాపారంలో ఉన్న స్త్రీలకు ద్రవ సిలికాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. ట్రాన్స్‌ఫార్మర్లను చల్లబరచడానికి వాడే పారిశ్రామిక సిలికాన్ యోకొహామా రేవులో డ్రమ్ములకు డ్రమ్ములు మాయమయ్యేదని చెప్పుకుంటారు. సిలికాన్ కదలకుండా ఉండాలని కొందరు అందులో నూనెలు కలిపేవారు. ఆ నూనెకు ఒంట్లో మంట పుట్టి, మచ్చ కట్టి, ఆ మచ్చ సిలికాన్‌ను పట్టి ఉంచుతుందన్నది వాళ్ళ లెక్క. అంటే గాయం చేయడమే ఆ చికిత్సలో కిటుకు.

ఆ ఇంజెక్షన్లు సముద్రం దాటి శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్‌వేగాస్ చేరాయి. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కో కాండర్ క్లబ్ డాన్సర్ కరోల్ డోడా వీటితోనే దేశమంతా పేరు మోసింది. వేగాస్‌లో వేల మంది వేయించుకున్నారు. తర్వాత గడ్డలు, ఇన్ఫెక్షన్లు, కుళ్ళడం. ఇంప్లాంట్ అయితే పట్టుకుని బయటికి లాగొచ్చు. కణజాలంలో కలిసిపోయిన ద్రవాన్ని ఏం చేస్తారు? కొందరికి రొమ్ము మొత్తం తీసేయాల్సి వచ్చింది. 1975లో నెవాడా రాష్ట్రం ఈ ఇంజెక్షన్‌ను నేరంగా ప్రకటించింది. ఇంజెక్షన్ సిలికాన్‌కూ ఇంప్లాంట్ సిలికాన్‌కూ తేడా తెలియక ఇప్పటికీ చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. మొదటిదాన్ని రొమ్ము కోసం అమెరికా ఏనాడూ అనుమతించలేదు.

రెండోది పుట్టింది టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో. ఫ్రాంక్ జెరో అనే యువ సర్జన్ రక్తం నింపిన ప్లాస్టిక్ సంచిని చేత్తో నొక్కి చూసి, స్పర్శ అచ్చం రొమ్ములాగే ఉందనుకున్నాడట. అంతకు ముందు రక్తాన్ని గాజు సీసాల్లో ఉంచేవారు, సంచులు అప్పటికి కొత్త. తన పెద్ద డాక్టరు థామస్ క్రోనిన్‌తో కలిసి, డౌ కార్నింగ్ కంపెనీ సాయంతో, సిలికాన్ రబ్బరు తొడుగులో సిలికాన్ జెల్ నింపి ఒక నమూనా తయారు చేశాడు. మనిషికి ముందు దాన్ని ఎస్మెరాల్డా అనే కుక్కకు పెట్టారు. కొద్ది వారాలకే అది కుట్లు కొరుక్కోవడంతో తీసేయాల్సి వచ్చింది. ఆ కాస్త అనుభవంతోనే పదార్థం ప్రమాదం లేనిదని తేల్చుకున్నారు.

1962 వసంతంలో హ్యూస్టన్‌లోని ఒక ధర్మాసుపత్రిలో మొదటి ఆపరేషన్ జరిగింది. ఆ మనిషి ఆరుగురు పిల్లల తల్లి. ఆమె ఆసుపత్రికి వచ్చింది రొమ్ము పెంచుకోవడానికి కాదు, రొమ్ము మీద పొడిపించుకున్న గులాబీ పచ్చబొట్టు చెరిపించుకోవడానికి. ఇదీ చేద్దాం, ఒప్పుకుంటావా అని డాక్టర్లే అడిగారు. ముందుకు పొడుచుకొచ్చిన నా చెవులు సరిచేస్తే చాలు అందామె. సరే, రెండూ చేస్తామన్నారు. అలా చెవుల కోసం ఒప్పుకున్న ఆపరేషన్‌తో ప్రపంచమంతా పాకిన ఒక వ్యాపారం మొదలైంది. యాభై ఏళ్ళ తర్వాత విలేకరులు వెళ్ళి అడిగినప్పుడు కూడా ఆ ఇంప్లాంట్లు ఆమె ఒంట్లోనే ఉన్నాయి. ఈ సంగతిని "చూశారా, ఏమీ కాలేదు" అనడానికి వాడుకునేవారున్నారు. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు, అటూ కాదు ఇటూ కాదు.

1963లో క్రోనిన్ వాషింగ్టన్‌లో సర్జన్ల అంతర్జాతీయ సమావేశంలో దీన్ని వివరించాడు. ఇక ఆగలేదు. అప్పట్లో అమెరికాలో మందులకు ముందస్తు అనుమతి కావాలి గానీ, ఒంట్లో పెట్టే పరికరాలకు అక్కర్లేదు. 1976లో పరికరాలకూ అనుమతి కావాలన్న చట్టం వచ్చేసరికి ఇంప్లాంట్లు పద్నాలుగేళ్ళుగా అమ్ముడవుతున్నాయి. ముందే మార్కెట్లో ఉన్నవి ఉండొచ్చు, రుజువులు తర్వాత అడుగుతామంది చట్టం. ఆ "తర్వాత" వచ్చింది 1991లో. ఇంప్లాంట్లను ఎక్కువ ప్రమాదమున్న పరికరాల తరగతిలో వేయాలని 1982లో అధికారులు ప్రతిపాదించినప్పుడే, సర్జన్ల సంఘం చిన్న రొమ్ములు జబ్బు అని వాదించింది. జబ్బు అంటే ఆపరేషన్ చికిత్స అవుతుంది. చికిత్స అయితే కాస్త ప్రమాదం భరించవచ్చు. ఆ మాట వెనకున్న అవసరం అదీ.

ఇక లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. బయటి వస్తువు ఏది చేరినా శరీరం దాని చుట్టూ మచ్చ కణజాలంతో ఒక సంచి కడుతుంది. పేస్‌మేకర్‌కైనా అంతే. రొమ్ము విషయంలో కొందరికి ఆ సంచి బిగుసుకుపోయి ఇంప్లాంట్‌ను నొక్కేస్తుంది. మెత్తగా ఉండాల్సింది రాయిలా అవుతుంది, నొప్పి పుడుతుంది. అప్పుడు మళ్ళీ ఆపరేషనే. మొదటి తరం ఇంప్లాంట్ల తొడుగు మందం. సహజంగా అనిపించాలని 1970లలో తొడుగు పలచన చేశారు, జెల్ పల్చబరిచారు. దాంతో చిరగడం పెరిగింది. చిరగకపోయినా జెల్‌లోని నూనె తొడుగులోంచి చెమర్చేది. ఈ సంగతి కంపెనీకి తెలుసు. డౌ కార్నింగ్ 1975లో తన సేల్స్ మనుషులకు ఒక నోట్ పంపింది. కొత్త నమూనాలను చేత్తో పట్టుకుని చూపిస్తుంటే జిడ్డుగా కనిపిస్తున్నాయి, కాబట్టి డాక్టర్లకు చూపించేముందు దగ్గర్లోని వాష్‌రూమ్‌లో సబ్బుతో కడిగి తువ్వాలుతో తుడవండి, అన్నది దాని సారాంశం. బల్ల మీద జిడ్డు తుడవచ్చు. ఒంట్లో కారినదాన్ని ఎవరు తుడుస్తారు? థామస్ టాల్కాట్ అనే ఇంజనీరు ఆ మరుసటి ఏడాది నిరసనగా ఉద్యోగం మానేశాడు.

ఇలాంటి కాగితాలు 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో ఒక దావా సందర్భంగా లాయర్ల చేతికి చిక్కాయి. జ్యూరీ కంపెనీకి 15 లక్షల డాలర్ల దండన పరిహారం వేసింది. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, కాగితాలకు కోర్టు సీలు పడింది. అంటే 1984లో జ్యూరీ సభ్యులకు తెలిసిన సంగతి లక్షల మంది ఆడవాళ్ళకు తెలియడానికి మరో ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఈ మొత్తం కథలో నాకు బాగా మంటెత్తించే ఘట్టం ఇదే.

1990 డిసెంబర్‌లో టీవీ వార్తాప్రయోక్త కోనీ చుంగ్ చేసిన కార్యక్రమంలో కొందరు స్త్రీలు ఇంప్లాంట్ల వల్లే కీళ్ళ నొప్పులు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లాంటి రోగాలు వచ్చాయన్నారు. మరుసటి ఏడాది ఒక జ్యూరీ ఒకే మహిళకు 73 లక్షల డాలర్లు ఇవ్వమంది. ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలను రుజువులు అడిగితే వచ్చినవి చాలలేదు. 1992 జనవరిలో కమిషనర్ డేవిడ్ కెస్లర్ అమ్మకాలు ఆపమన్నాడు. ఏప్రిల్‌లో సవరించాడు: కేన్సర్‌తో రొమ్ము తీసేసినవారికి, పరిశోధనల కింద, పెట్టొచ్చు. అందం కోసం దాదాపుగా వద్దు. అప్పటికే పది లక్షల మందికి పైగా అమెరికన్ స్త్రీల ఒంట్లో అవి ఉన్నాయి.

కెస్లర్ నిర్ణయం తేడాగా అనిపిస్తుంది. పదార్థం హానికరమైతే కేన్సర్ వచ్చి తేరుకుంటున్న మనిషికే ముందు వద్దనాలి కదా? ఆయన వాదన వేరు: లాభం పెద్దదైతే తెలియని ప్రమాదాన్ని భరించవచ్చు. వినడానికి సబబే. కానీ ఎవరి కోరిక గౌరవనీయం, ఎవరిది సోకు అన్న తీర్పు కూడా అందులో చల్లగా దూరింది. ఆడవాళ్ళను పసిపిల్లల్లా చూస్తున్నారని అప్పట్లో విమర్శలు వచ్చాయి. తేల్చడం తేలిక కాదు. నాకైతే ఆయన చెప్పిన మొదటి మాట మాత్రం తిరుగులేనిదనిపిస్తుంది: హానికరమని రుజువైందని ఆయన అనలేదు, సురక్షితమని కంపెనీలు రుజువు చేయలేదన్నాడు. పేపర్లు చదివినవాళ్ళు మాత్రం హానికరమనే అర్థం చేసుకున్నారు.

దావాల వరద మొదలైంది. 1994లో 425 కోట్ల డాలర్ల ఉమ్మడి పరిహారం కుదిరితే నాలుగు లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. డబ్బు చాలదని తేలిపోయింది. 1995 మేలో డౌ కార్నింగ్ దివాలా పిటిషన్ వేసింది. సరిగ్గా అదే కాలంలో పరిశోధనలు రావడం మొదలైంది. చేతులు కాలాక ఆకులు. 1994 జూన్‌లో మేయో క్లినిక్ ఇంప్లాంట్లున్న 749 మందిని, లేని 1,498 మందితో పోల్చి చూసింది. లూపస్, కీళ్ళవాతం లాంటి జబ్బులు ఇటువైపు ఎక్కువగా కనిపించలేదు. కోర్టే నియమించిన నిపుణుల బృందం 1998లో అదే చెప్పింది. 1999లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెద్ద నివేదిక కూడా అదే మాట అంది, కాకపోతే మరోటి కలిపింది: చిరగడం, గట్టిపడటం, ఇన్ఫెక్షన్, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, ఇవే అసలు సమస్య, ఇవి చాలా ఎక్కువ. కంపెనీల పక్షం మొదటి సగాన్నే చదివి వినిపించింది.

అంటే కోర్టు కంపెనీని పట్టుకున్న కారణం వేరు, సైన్సు కొట్టేసిన ఆరోపణ వేరు. పరీక్షించకుండా అమ్మారు, తెలిసింది దాచారు అన్నవి నిజం. లూపస్ తెచ్చారన్నది రుజువు కాలేదు. ఒకటి నిజమైతే రెండోదీ నిజమని జ్యూరీలు అనుకున్నాయి. రెండోది అబద్ధం కాబట్టి మొదటిదీ పట్టించుకోనక్కర్లేదని తర్వాతి తరం సర్జన్లలో కొందరు అనుకున్నారు. 2006 నవంబర్‌లో ఎఫ్‌డీఏ అలర్గన్, మెంటర్ కంపెనీల సిలికాన్ ఇంప్లాంట్లను మళ్ళీ అనుమతించింది, అందం కోసమైతే 22 ఏళ్ళు నిండాలన్న షరతుతో, పదేళ్ళపాటు వేల మందిని గమనించాలన్న షరతుతో.

749 మందిని చూసిన పరిశోధన వందలో ఇద్దరు ముగ్గురికి వచ్చే జబ్బును పట్టుకోవచ్చు. వేలల్లో ఒకరికి వచ్చేది పెద్ద కన్నాల జల్లెడలోంచి నువ్వు గింజలా జారిపోతుంది. సరిగ్గా అలాంటిదే ఒకటి జారిపోయింది. సంచి గట్టిపడటాన్ని తగ్గించాలని 1980ల చివర్లో ఇంప్లాంట్ల పైపొరను గరుకుగా చేయడం మొదలుపెట్టారు. నున్నటి గోడైతే మచ్చ కణజాలం ఒకే వరసలో అల్లుకుని బిగుస్తుంది, గరుకైతే చెదురుతుంది అన్నది ఆలోచన. 1997లో వైద్య పత్రికలో ఒక్క కేసు అచ్చయింది: ఇంప్లాంట్ చుట్టూ ఉన్న సంచిలో లింఫోమా, అంటే రోగనిరోధక కణాల కేన్సర్. ఇది రొమ్ము కేన్సర్ కాదు. 2011లో ఎఫ్‌డీఏ సంబంధం ఉండొచ్చంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేక జబ్బుగా గుర్తించింది. 2019 జూలై నాటికి ఎఫ్‌డీఏ లెక్కలో ప్రపంచమంతటా 573 కేసులు, 33 మరణాలు. అందులో 481 కేసులు అలర్గన్ ఇంప్లాంట్లవే. దాంతో ఆ కంపెనీ "బయోసెల్" గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఫ్రాన్స్ అంతకు మూడు నెలల ముందే గరుకు ఇంప్లాంట్లు చాలావాటిని నిషేధించింది. లోపల సిలికాన్ జెల్ ఉన్నా, కొన్ని రకాల్లోలా ఉప్పునీరున్నా ఈ ప్రమాదం ఒకటే, ఎందుకంటే తేడా పైపొరది. ముప్ఫై ఏళ్ళు జెల్ గురించి కొట్టుకున్న రెండు పక్షాలూ తొడుగు వైపు చూడలేదు.

ఫ్రాన్స్ అంత తొందరపడటానికి కారణం ఉంది. దక్షిణ తీరంలోని లా సేన్ సుర్ మెర్‌లో పీఐపీ అనే కంపెనీ ఏళ్ళ తరబడి వైద్యానికి పనికిరాని చవక పారిశ్రామిక సిలికాన్ నింపి ఇంప్లాంట్లు అమ్మింది. తనిఖీలు ముందే చెప్పి వచ్చేవి, వాళ్ళు వచ్చే రోజుకు ఆ డ్రమ్ములు మాయం. తొడుగులు అసాధారణంగా చిరుగుతున్నాయని సర్జన్లు మొత్తుకుంటే, 2010 మార్చిలో అధికారులు ఫ్యాక్టరీకి వెళ్ళి పట్టుకున్నారు. 2011 చివర్లో 30 వేల మంది ఫ్రెంచ్ మహిళలకు తీయించుకోమని ప్రభుత్వమే సలహా ఇచ్చింది. ప్రపంచం మొత్తం మీద బాధితులు దాదాపు 3 లక్షలు. యజమాని జాన్ క్లోద్ మాస్‌కు 2013లో నాలుగేళ్ళ జైలు పడింది. ఇది పచ్చి మోసం, శాస్త్రీయ సందిగ్ధం ఏమీ లేదు. అందుకే దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇప్పుడు మిగిలిన చిక్కు, ఇంప్లాంట్ల వల్ల అలసట, మతిమరుపు, ఒళ్ళు నొప్పులు వచ్చాయని చెప్పే వేల మంది. తీయించుకున్నాక బాగయిందనేవారు చాలామంది ఉన్నారు. దీనికి ఒక పరీక్ష లేదు, ఒప్పుకున్న నిర్వచనం లేదు. 1990ల అనుభవం వల్ల డాక్టర్లకు "ఇది పాత పాటే" అనిపించడం సహజం. కానీ "రుజువు దొరకలేదు" అన్నదాన్ని "ప్రమాదం లేదు" అని చదివితే ఏమవుతుందో లింఫోమా చూపించింది. 2021 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ నల్లగీతల పెట్టెలో హెచ్చరిక తప్పనిసరి చేసింది. ఇవి జీవితకాలం ఉండేవి కావనీ, ఎక్కువకాలం ఉంచుకున్నకొద్దీ సమస్యలు పెరుగుతాయనీ, కొందరికి ఒళ్ళంతా లక్షణాలు కనిపించాయనీ అందులో ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఒక చెక్‌లిస్టు చదివించి సంతకం పెట్టించాలి. అది లేకుండా అక్కడ కంపెనీ అమ్మకూడదు.

మన దగ్గర సంగతి చూస్తే, 2018లో తమిళనాడు ప్రభుత్వం చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లను ఉచితంగా చేస్తామని ప్రకటించింది. పేదలకు మాత్రం అందం హక్కు లేదా అన్నది మంత్రిగారి వాదన. ఆ వార్తకు వచ్చిన వెటకారాల్లో, 1992 నాటి అమెరికా చర్చంతా అరవంలో వినిపించింది. హైదరాబాద్ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో క్లినిక్‌లకు కొదవలేదు, హోర్డింగులకూ కొదవలేదు. హోర్డింగు మీద గరుకా నున్నదా అని ఎవరూ రాయరు, అడగాల్సింది వెళ్ళినవాళ్ళే.

పాతికేళ్ళ నాడో పదేళ్ళ నాడో పెట్టించుకున్నవాళ్ళకు ఉపయోగపడే చిన్న విషయం ఒకటుంది. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలోనూ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఆపరేషన్ థియేటర్‌లో వాటిని ఊడదీసి కేస్‌షీట్‌లో అంటించి, ఒకటి పేషెంట్ కార్డు మీద వేస్తారు. కార్డు పోతే ఆసుపత్రిని కేస్‌షీట్ కాపీ అడగొచ్చు. వెనక్కి పిలిపించిన మోడల్ అయినా సరే, ఏ లక్షణమూ లేకపోతే పరుగెత్తి తీయించుకోనక్కర్లేదనే ఎఫ్‌డీఏ చెప్పింది. ఏళ్ళ తర్వాత ఒక పక్క ఉన్నట్టుండి వాచినా, గడ్డ తగిలినా మాత్రం ఇంప్లాంట్ చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షకు పంపమని అడగాలి. పరీక్ష రాసే డాక్టరుకు ఇంప్లాంట్ ఉందని, అది ఏ రకమో చెప్పాలి. మామూలు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ రాసి పంపేసే అవకాశం ఉంది. ఆ లింఫోమాను తొందరగా పట్టుకుంటే ఇంప్లాంట్‌నూ చుట్టూ ఉన్న సంచినీ పూర్తిగా తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది.